ఒప్పులకుప్ప మింగిన అక్షరం

శనివారం పొద్దున్నే అక్షరాలక్క గట్టి నిర్ణయం తీసుకుంది. తన ప్రోగ్రాం కొత్త కూర్పు విడుదల చేసేసి, కంప్యూటర్ మూసేసి, మర్నాటి రైలుకు పెట్టె సర్దుకోవాలి. రెండు రోజులు చెల్లెలి ఇంట్లో హాయిగా ఉండాలి. అక్కడ తప్పొప్పుల మాట ఎత్తకూడదు. భర్తకు మాట ఇచ్చింది. ఇలాంటి మాటలు ఇదివరకు చాలా ఇచ్చి చాలా తప్పింది కాబట్టి, ఈసారి కంప్యూటర్ మీద చెయ్యి వేసి మరీ ఇచ్చింది.

ఆవిడ అసలు పేరు ఇప్పుడు ఆవిడ చెల్లెలికి తప్ప ఎవరికీ గుర్తులేదు. ప్రెస్సులో ప్రూఫులు దిద్దడం ఆవిడ ఉద్యోగం. దిద్దీ దిద్దీ విసిగిపోయి, ఆ పనేదో కంప్యూటరే చేసేలా ఒక ప్రోగ్రాం రాసి, ఒప్పులకుప్ప అని పేరు పెట్టి లోకం మీదికి వదిలింది. తెలుగులో తప్పు టైపు చేస్తే అది సరిచేసి పెడుతుంది. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు. దాని లోపలి రాతను ఎవరైనా విప్పి చదవచ్చు, ఎవరైనా బాగుచేసి ‘ఇదిగో నా మార్పు’ అని పంపవచ్చు. పంపినదాన్ని చేర్చుకోవడం మాత్రం ముగ్గురి చేతుల్లో ఉంది. అక్షరాలక్క, సర్వర్ బాగోగులు చూసే ఆవిడ తమ్ముడు, బడిలో తెలుగు చెప్పి రిటైరైన మాస్టారు.

బయటివాళ్ళ సాయం కావాలని ఈ ముగ్గురూ తమ పేజీ నెత్తిన ఎంతో వినయంగా రాసుకున్నారు. తీరా ఎవరైనా సాయం పంపితే ‘చూద్దాం’ అని జవాబిచ్చేవారు. చూద్దాం అన్నవన్నీ ఎవరూ చూడక పేరుకుపోయాయి. మరీ పట్టువదలని వాళ్ళు దొరికితే మాస్టారు రంగంలోకి దిగి, ఎక్కడ చదివారు, ఎవరి దగ్గర చదివారు, సవర్ణదీర్ఘ సంధికి ఉదాహరణలు చెప్పగలరా అని మొదలుపెట్టేవారు. కిందటిసారి వచ్చినతను రెండో ఉదాహరణ దగ్గర కనిపించకుండా పోయాడు. అలా పనంతా తిరిగి తిరిగి అక్షరాలక్క ఆదివారాల మీదే పడేది. తన తర్వాత ఒప్పులకుప్పను ఎవరు చూస్తారని ఆవిడకు దిగులు. ఆదివారం పూట భార్య తన వైపు ఎప్పుడు చూస్తుందని ఆవిడ భర్తకు దిగులు.

ఆయన పళ్ళ డాక్టరు. పైన ఇల్లు, కింద క్లినిక్కు. ఆదివారాలు కూడా క్లినిక్కు తెరిచేవాడు, ఇంట్లో ఉండి మాట్లాడించడానికి మనిషి లేదు కనక. ఈసారి మాత్రం క్లినిక్కు మూసి, గోడలకు రంగులు వేయించమని మేస్త్రీకి చెప్పి, రెండు టిక్కెట్లు తీసుకున్నాడు.

ఇక కొత్త కూర్పులో విశేషాలు రెండు. ఇంతకుముందు ఒప్పులకుప్ప తప్పు మాట కింద గీత గీసి ఊరుకునేది. ఇప్పుడు ‘పంపు’ అని నొక్కగానే, అడగకుండా, దానంతట అదే దిద్దేస్తుంది. రెండోది మాస్టారు చేసిన ప్రక్షాళన.

“రాకండి, పోకండి, చేయకండి... ఏం మాటలమ్మా ఇవి? ‘రావద్దు’ అని నిక్షేపంలాంటి మాట ఉంటే ఈ కండికండి ఏమిటి? ఇవన్నీ ఇంట్లో మాట్లాడుకోవడానికి. నిఘంటువులో ఎందుకు?” అని మాస్టారు అలాంటి మాటలన్నీ ఏరి అవతల పారేశారు. ఆయనతో వాదన ఎక్కడ పెట్టుకుంటామని అక్కా తమ్ముడూ తలలూపారు.

తన పట్టికలో లేని మాట కనిపిస్తే, దానికి దగ్గరగా ఉన్న మాటను తెచ్చి అక్కడ పెట్టడం ఒప్పులకుప్ప పద్ధతి. ‘రాకండి’కి దగ్గరగా ఉన్నది ‘రండి’. ‘చేయకండి’కి దగ్గరగా ఉన్నది ‘చేయండి’. ఈ సంగతి పాఠకులకు ఇప్పుడే తెలిసిపోయింది. ఆ ముగ్గురికి తెలియడానికి ఇంకా ఒక రోజు ఉంది.

విడుదల ముచ్చటగా జరిగింది. మన పేజీలు మన ఒప్పులకుప్పే దిద్దాలి కదా అని తమ్ముడు ఉత్సాహపడి, సైటు మొత్తాన్ని ఒకసారి దాని గుండా తోలాడు. అక్కడ ‘సాయం చేయదలచినవారికి సూచనలు’ అని ఒక పేజీ ఉంది. అడగకుండా మార్పులు పంపకండి, ఒకేసారి పది పంపకండి, పెద్దలతో వాదించకండి, జవాబు ఆలస్యమైతే పై చిరునామాకు నేరుగా రాకండి, అది పళ్ళ క్లినిక్కు. ఈ ధోరణిలో సాగుతుంది. ఒక్క నొక్కుతో అది ఇలా తయారైంది: అడగకుండా మార్పులు పంపండి, ఒకేసారి పది పంపండి, పెద్దలతో వాదించండి, జవాబు ఆలస్యమైతే పై చిరునామాకు నేరుగా రండి, అది పళ్ళ క్లినిక్కు.

తాము రాసిన సూచనలను తాము చదివే అలవాటు ముగ్గురిలో ఎవరికీ లేదు.

కాఫీ తాగేలోగా మొదటి బయటి మార్పు వచ్చింది. పంపిన మనిషి పేరు కొత్తిమీర. ఆ లోకంలో మారుపేర్లు మామూలే. కొత్తిమీర పాపం తప్పును సరిగ్గానే పట్టుకుని, ‘రాకండి అని రాస్తే రండి అని మారిపోతోంది, దయచేసి సరిచేయండి’ అని విన్నవించి, సరిచేసిన పట్టికను కూడా జతచేసింది. అయితే ఆ విన్నపం సైటులోకి వచ్చేటప్పుడు ఒప్పులకుప్ప దాన్ని కూడా దిద్దింది. కాబట్టి ముగ్గురికీ కనిపించింది ఇది: ‘రండి అని రాస్తే రండి అని మారిపోతోంది, దయచేసి సరిచేయండి.’

మాస్టారు వెంటనే ఫోన్ చేశారు. “రండి అని రాస్తే రండి అని కాక పొండి అని వస్తుందా అమ్మాయ్? ఎవరీ మనిషి?”

“ఏదో జతచేసింది మాస్టారూ. తెరిచి చూద్దామా?”

“విన్నపమే అర్థం కాకపోతే జతచేసింది ఎందుకు చూడటం? పద్ధతి అంటూ ఒకటుంది. ఇలాంటివి ఇకముందు పంపవద్దు అని రాసెయ్.”

అక్షరాలక్కకు మనసొప్పలేదు. ‘పంపవద్దు’ అంటే మొహం మీదే తలుపు వేసినట్టుంటుంది. ఆవిడ దాన్ని కాస్త మెత్తబరిచి, ‘మీ విన్నపం అర్థం కాలేదు. ఇలాంటివి మళ్ళీ పంపకండి. అయినా నిరుత్సాహపడకండి’ అని రాసి, పంపు అని నొక్కి, పెట్టె సర్దడానికి లేచింది. అవతల కొత్తిమీర చదువుకున్నది ఇది: ‘మీ విన్నపం అర్థం కాలేదు. ఇలాంటివి మళ్ళీ పంపండి. అయినా నిరుత్సాహపడండి.’

ఆ మధ్యాహ్నం డాక్టరు తన పేషెంట్లందరికీ ఒక సందేశం పెట్టాడు. ఆయన ఫోన్లో అచ్చుతప్పులు చూడలేక అక్షరాలక్క పొద్దున్నే అందులోనూ ఒప్పులకుప్ప ఎక్కించి ఉంచింది. ‘రేపు క్లినిక్కుకు రాకండి. రంగులు వేస్తున్నాం’ అని ఆయన రాశాడు. ‘రేపు క్లినిక్కుకు రండి. రంగులు వేస్తున్నాం’ అని అందరికీ చేరింది. పసుపు పళ్ళతో కాలం వెళ్ళదీస్తున్న వాళ్ళంతా పొంగిపోయారు. ఒకావిడ మాత్రం ‘పిల్లల్ని కూడా తీసుకురమ్మంటారా?’ అని అడిగింది. ఈవిడ రావద్దంటే పిల్లలతో వస్తానంటుందేమిటని డాక్టరు ఆశ్చర్యపోయి, ‘తీసుకురాకండి, వాసన పడదు’ అని జవాబిచ్చాడు. ‘తీసుకురండి, వాసన పడదు’ అని ఆవిడకు అందింది. డాక్టరు గారు ఎంత నిజాయితీపరుడో అనుకుందావిడ. ఆఖరున మేస్త్రీకి ‘పళ్ళ కుర్చీ కదపకండి’ అని ఒక ముక్క పడేసి, డాక్టరు నిశ్చింతగా చొక్కాలు ఇస్త్రీ చేసుకున్నాడు.

సాయంత్రానికి తమ్ముడు ఫోన్ చేశాడు. గొంతులో కంగారు.

“అక్కా, మార్పులు వచ్చి పడుతున్నాయి. ఎవరూ ఒకటి పంపడం లేదు, అందరూ పదేసి. అడిగితే మీరే పంపమన్నారంటున్నారు.”

“మనమెందుకంటాం రా? చూద్దాం అని రాసెయ్.”

“రాశాను. చూడండి, నేరుగా వచ్చి మాట్లాడతాం అంటున్నారు. ఇంకో సంగతి. చర్చల పేజీలో ముగ్గురు మాస్టారితో వాదన పెట్టుకున్నారు. ఆయన భోజనం కూడా మానేసి జవాబులు ఇస్తున్నారట. వాళ్ళావిడ, పిన్నిగారు, నాకు ఫోన్ చేసి తిట్టింది.”

అక్షరాలక్క చెయ్యి కంప్యూటర్ వైపు సాగింది. ఎదురుగా డాక్టరు ఇస్త్రీ పెట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు. అది చూసి ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆదివారం పొద్దున కింద ఏదో సందడిగా ఉంటే, రంగుల వాళ్ళు వచ్చారనుకుని దంపతులిద్దరూ దిగి వచ్చారు. క్లినిక్కు ముందుగది కిటకిటలాడుతోంది. పళ్ళ కుర్చీ మెట్ల కింద, వీధిలోకి చూస్తూ ఉంది. పిల్లలు దాన్ని పైకీ కిందికీ ఆడిస్తున్నారు. మేస్త్రీ గది మధ్య నిలబడి, వచ్చినవాళ్ళంతా ఇంటి తాలూకు మనుషులనుకుని, రంగుల కార్డు తిప్పి తిప్పి చూపిస్తున్నాడు.

ఒక పెద్దావిడ కార్డును కంటికి దగ్గరగా పెట్టుకుని చూసి, “ఈ లేత దంతం రంగు నాకు నప్పుతుందా బాబూ?” అని అడిగింది.

“అది బాత్రూములకు బాగుంటుందమ్మా. హాలుకైతే ఇంకాస్త ముదురు తీసుకోండి.”

“నాకు హాలంత నోరెక్కడిది నాయనా? ఉన్నది ఒక్క పన్ను.”

“ఒక్కదానికి డబ్బా విప్పలేనమ్మా,” అన్నాడు మేస్త్రీ. ఆయన మాత్రం ఏం చేస్తాడు.

డాక్టరు గోడకు చేరగిలబడ్డాడు. గదిలో రెండో వైపు, భుజాలకు కంప్యూటర్ సంచులు తగిలించుకుని కొందరు కూర్చుని ఉన్నారు. వాళ్ళ పక్కన దవడ వాచిన ఒకాయన చనువుగా పలకరిస్తున్నాడు.

“మీకేమిటండీ, పుచ్చిందా, కదులుతోందా?”

“మాది పన్ను కాదండీ, సంధి.”

“అయ్యో. దవడ సంధేనా?”

“కాదండీ, గుణసంధి.”

“అది నేను వినలేదు. ముదరనివ్వకండి,” అని ఆయన సానుభూతి చూపించాడు.

అప్పుడే మాస్టారు తోసుకుంటూ లోపలికి వచ్చారు. రాత్రంతా వాదించిన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. “అమ్మాయ్, మొన్నమొన్న అక్షరాలు నేర్చినవాళ్ళు నాతో వాదనకు దిగుతున్నారు. ఏమిటిదంటే మీ సూచనల్లోనే ఉందంటున్నారు. ఎవరు రాశారా సూచన?”

“మీరే రాశారు మాస్టారూ,” అన్నాడు వెనకే వచ్చిన తమ్ముడు.

అక్షరాలక్కకు తల తిరిగింది. ఇటు భర్త క్లినిక్కు వీధిన పడింది. అటు రైలు వేళ అవుతోంది. తన పదేళ్ళ కష్టం పది మంది కొత్తవాళ్ళ చేతుల్లో ఏమవుతుందో తెలియదు. వచ్చినవాళ్ళందరినీ పొమ్మందామని నోరు తెరిచింది. ఇంతలో గుమ్మం అవతల, లోపలికి అడుగు పెట్టాలా మానాలా అని తటపటాయిస్తూ, ఎత్తుగా ఉన్న ఒకామె కనిపించింది.

“నేను కొత్తిమీరనండి,” అంది ఆమె.

“పైన వంటింట్లో ఇచ్చెయ్యమ్మా,” అన్నాడు మేస్త్రీ, కార్డు మీంచి కన్ను తీయకుండా.

“అది కాదండీ. నేను లిఫ్టుల కంపెనీలో ప్రోగ్రాములు రాస్తాను. నిన్న మీకు మార్పు పంపాను. మీ జవాబు చూస్తే పంపమన్నారో పంపవద్దన్నారో తేలలేదు. మీ సూచనలు చూస్తే రమ్మన్నారో రావద్దన్నారో తేలలేదు. కనుక్కుందామని వచ్చాను. రావద్దనే అయితే ఇక్కణ్ణించే వెళ్ళిపోతాను.”

“తేలకపోవడానికి ఏముందమ్మా అందులో?” అన్నారు మాస్టారు.

“మీ ఒప్పులకుప్ప ‘క’ మింగేస్తోందండీ. రేపు ఒక ఆసుపత్రిలో మా లిఫ్టు మొదలవుతుంది. అది మధ్యలో ఆగితే లోపల తెర మీద ఒక మాట రావాలి. ‘కంగారు పడకండి’ అని. మీ కొత్త కూర్పు ఎక్కించాక, ‘లిఫ్టు ఆగింది, కంగారు పడండి’ అని వస్తోంది.”

నోటితో అన్న మాటను దిద్దడానికి ఒప్పులకుప్ప అక్కడ లేదు కాబట్టి, ఆ మాట అన్నది అన్నట్టుగా అందరికీ వినిపించింది. డాక్టరు మెల్లిగా జేబులోంచి ఫోన్ తీసి, నిన్న తను పంపిన సందేశాలు ఒక్కొక్కటీ చదువుకున్నాడు. పూర్తిచేసి, ఫోన్ భార్య చేతికి ఇచ్చాడు. ఆవిడ చదివి తమ్ముడికి ఇచ్చింది. తమ్ముడు సూచనల పేజీ తెరిచి, చదివి, నేల మీద కూర్చున్నాడు.

మాస్టారు మాత్రం తొణకలేదు. “తప్పు కుప్పది కాదు, రాసేవాళ్ళది. ‘రావద్దు’ అని రాసి ఉంటే ఈ గొడవ ఉండేదా? ‘పడవద్దు’ అని పెట్టుకోమ్మా నీ లిఫ్టులో.”

“లిఫ్టు పడిపోతుందని చెప్పినట్టుంటుందండీ,” అంది కొత్తిమీర.

ఈలోగా ఒంటిపంటి పెద్దావిడ సంగతేమిటో విందామని ముందుకు జరిగి, అడ్డుగా ఉన్న నిచ్చెన మీద చెయ్యి వేసింది. నిచ్చెన మీద రంగు డబ్బా ఉంది. డబ్బా కింద మాస్టారు ఉన్నారు.

“అమ్మా, తోయకండి. తోయకండమ్మా,” అన్నారు మాస్టారు రెండు చేతులూ అడ్డం పెట్టి.

పెద్దావిడ తోయలేదు. డబ్బా పడలేదు. కానీ గదిలో అందరూ మాస్టారి వంకే చూస్తున్నారు.

“మాస్టారూ, ఇప్పుడేమన్నారు?” అంది అక్షరాలక్క.

మాస్టారు కాసేపు నిచ్చెనను చూశారు. “తోయకండి అన్నాను.”

“‘తోయవద్దు’ అని నిక్షేపంలాంటి మాట ఉంది కదా.”

“పెద్దావిడతో ‘తోయవద్దు’ అని ఎలా అంటాను? మొహం మీద కొట్టినట్టుండదూ?” అనేసి, ఆ మాట తన చెవిన పడ్డాక ఆయన నిచ్చెన పక్కనే చతికిలబడ్డారు. తర్వాత, పాఠం చెప్పేటప్పటి గొంతుతో కాకుండా, మామూలుగా అన్నారు. “చేర్చెయ్ అమ్మాయ్. ఆ అమ్మాయి పట్టిక చేర్చెయ్.”

అక్షరాలక్క డాక్టరు వైపు చూసింది. ఆయన తల ఊపాడు. ఇచ్చిన మాటకు ఒక్క నొక్కు మినహాయింపు దొరికింది. కొత్తిమీర పట్టికను ఆవిడ తెరిచి, మొదటినుంచి చివరిదాకా చదివింది. ఎంత శుభ్రంగా ఉందంటే, తను కూడా అలా రాయగలిగేది కాదేమో అనిపించింది. తెరవకుండానే తోసిపుచ్చినందుకు సిగ్గేసింది. “నిన్న చూడాల్సింది. తప్పు నాదేనమ్మా,” అని కొత్తిమీరతో అందరి ముందూ చెప్పి, చేర్చు అని నొక్కింది.

ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే పనులు మొదలయ్యాయి. సంచులవాళ్ళు కంప్యూటర్లు తెరిచారు. అందరూ అక్కడే ఉండటంతో, ఎన్నాళ్ళుగానో చూద్దాం అన్నవన్నీ ఒకరివి ఒకరు చూశారు. డాక్టరు చేతులు కడుక్కుని, మెట్ల కింద కుర్చీలోనే, పట్టపగటి వెలుగులో అందరి నోళ్ళూ చూశాడు. ఒంటిపంటి పెద్దావిడతో, “పన్ను బ్రహ్మాండంగా ఉంది, రంగు అక్కర్లేదమ్మా,” అన్నాడు. ఆవిడ ఆ మాట మేస్త్రీకి కూడా చెప్పి వెళ్ళింది.

సూచనల పేజీని మళ్ళీ పాత పద్ధతికి మార్చాలా అని తమ్ముడు అడిగాడు. సంచులవాళ్ళు ఇబ్బందిగా కదిలారు. మాస్టారు గొంతు సవరించుకున్నారు.

“మిగతావి మీ ఇష్టం. ‘పెద్దలతో వాదించండి’ అన్నది మాత్రం తీయకండి. ఇన్నేళ్ళుగా నేనేం చెప్పినా అందరూ తలలూపడమే. నిన్న రాత్రి ఎంత హాయిగా ఉందో తెలుసా?”

కొత్తిమీర ఆ పేజీని తిరగరాస్తూ, “మీరు బయల్దేరండక్కా, రైలు వేళవుతోంది. మేం చూసుకుంటాం,” అంది. మార్పులు చేర్చే అధికారం తమ్ముడు అప్పటికే ఆమెకు ఇచ్చేశాడు. ‘మేం చూసుకుంటాం’ అన్న మాట అక్షరాలక్క ఎన్నేళ్ళుగానో ఎవరైనా అంటే బాగుండునని ఎదురుచూసింది. తీరా విన్నాక కళ్ళు చెమర్చాయి. రంగు వాసన అని అందరికీ చెప్పింది.

రైల్లో కిటికీ పక్కన సీటు దొరికింది. డాక్టరు ఎంతో కాలానికి భార్యతో పిల్లల సంగతులు, చుట్టాల సంగతులు, ఏమీ లేని సంగతులు మాట్లాడాడు. ఆవిడ కూడా అంతే ఇష్టంగా మాట్లాడింది. మధ్యలో ఆయన కునుకు తీస్తే, ఊరికే చూద్దామని ఆవిడ ఆయన ఫోన్లో కొత్త సూచనల పేజీ తెరిచింది. ‘కొత్తవాళ్ళు మొహమ్మాటపడకండి’ అని ఉంది మొదటి వాక్యం. ‘మ’కు ఒత్తు ఎక్కువైంది. కొత్తిమీర తొందరలో కొట్టి ఉంటుంది; అడగకుండా దిద్దడాన్ని తమ్ముడు ప్రస్తుతానికి ఆపి ఉంచాడు.

తను మాట ఇచ్చింది తన కంప్యూటర్ మీద చెయ్యి వేసి. ఇది ఆయన ఫోను. అక్షరాలక్క రెండు మూడు స్టేషన్లు ఓపిక పట్టి, ఆ ఒత్తు తీసేసి, డాక్టరు పేరు మీదే మార్పు పంపేసింది. రైలు వంతెన దాటేలోగా జవాబు వచ్చింది. ‘డాక్టరు గారూ, మీ మొదటి మార్పు అందింది. చూశాం, బాగుంది, చేర్చాం. మళ్ళీ పంపండి. ఇది నిజంగా పంపండే.’

ఒప్పులకుప్పలో ఒక మార్పు అంత తొందరగా చేరడం ఆవిడ ఎన్నడూ చూడలేదు. సంతోషించింది, కాస్త ఉక్రోషపడింది కూడా. డాక్టరు కళ్ళు తెరిచి, ఫోన్ అందుకుని, జవాబు చదివి, చాలాసేపు నవ్వుకున్నాడు.

“అయితే ఇక నేనూ మీ గుంపులో చేరినట్టేనా?”

“చూద్దాం,” అంది అక్షరాలక్క, అలవాటు కొద్దీ.